దున్నకు కొత్త దాణా

షెడ్డు,
పందేలకు ఇంకా ఇరవై వారాలు

అమ్మడూ,

ఆశీస్సులు చివర్లో చెబుతాను, ముందు నా ఏడుపు విను.

నిన్న ట్రాక్ వాళ్ల దగ్గర్నుంచి ఓ కాగితం వచ్చింది. ఈ ఏడు నుంచి మన ‘పన్నెండు లోపు’ తరగతిలో పెట్రోలు కారు పందెం గీత మీదికి రాకూడదట. అందరూ ఇథనాల్ పోసుకునే రావాలట. మొదటి రోజు ఒక్కో కారుకు రెండు అవకాశాలిస్తారు. ఒక్కసారైనా పావు మైలును పన్నెండు సెకన్లలోపు దాటకపోతే ఆ కారును తరగతిలోంచి తీసేస్తారు. తీసేసి ఊరుకోరు, మధ్యాహ్నం విరామంలో జనానికి చెయ్యూపుకుంటూ తిరిగే పాత కార్ల వరసలో పెడతారట. మన దున్నని! ఇరవై ఆరేళ్లుగా నా చేత్తో విప్పి, నా చేత్తో బిగించి, నేనే తోలి, పోయినేడు పదకొండు పాయింట్ ఎనిమిది నాలుగుకు తెచ్చిన కారుని!

ఇథనాలంటే ఏమిటే? సూది పొడిచే ముందు చేతికి రాసేది. దాంతో నడిచే బండికి మెకానిక్కెందుకు, నర్సు చాలు. పొగ వాసన చూసి ఇంజను రోగం చెబుతానని కదా ఊళ్లో నన్ను ముక్కు మేస్త్రి అంటారు. ఈ సరుకు పొగ ఎలా ఉంటుందో ఎవడికి తెలుసు? పక్క వీధి మెకానిక్కు, ఆ లాప్‌టాప్ గాడు, అప్పుడే ఈల వేసుకుంటూ పని మొదలుపెట్టాడు. వాడికి వాసనతో పనేముంది, తెర మీద అంకెలు చూస్తాడు.

ఒట్టేసి చెబుతున్నాను. దున్న పన్నెండు లోపు రాకపోతే దాన్ని అమ్మేసి షెడ్డుకు తాళం వేస్తాను. ఊరేగింపు బొమ్మను తోలడానికి నేను పుట్టలేదు.

నువ్వు ఆ ఇథనాల్ కాచే ఫ్యాక్టరీ ల్యాబులోనే కదా ఉద్యోగం వెలగబెడుతున్నావు. ఏం మార్చాలో, ఎంత మార్చాలో రాయి. ఫోన్ చెయ్యకు. నోటితో చెప్పిన కొలత కొలత కాదు. కాగితం మీద రాస్తే బల్ల పైన మేకుకు గుచ్చుకుంటాను.

మా అక్క కూతురివి కాబట్టి అడుగుతున్నాను, లేకపోతే ఈ జన్మలో అడగను. ఆశీస్సులు.

మావయ్య


ల్యాబు, మూడో అంతస్తు
పద్దెనిమిది వారాలు

మావయ్యా,

నీ ఏడుపు భద్రంగా చేరింది. మా నాన్న కూడా పన్ను పీకించుకోవడానికి ఇంత గొడవ చెయ్యలేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికొకడు. పెట్రోలులో ఎంత బలముందో లీటరుకు లీటరు లెక్క చూస్తే ఇథనాల్లో అంత లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇది చల్లగా మండుతుంది, ఇంజను టకటకా కొట్టుకోదు, ప్లగ్గు నిప్పురవ్వను ఇంకాస్త ముందుగా వెయ్యొచ్చు. సరిగ్గా పట్టుకుంటే దున్న పోయినేటికంటే ముందే దాటుతుంది. ఇక పని రాసుకో.

ట్యాంకు దింపి కడుగు. పాతికేళ్ల పెట్రోలు జిడ్డు గోడలకు పట్టి ఉంటుంది, ఇథనాల్ దాన్నంతా ఒలిచి కార్బురేటర్లోకి పంపిస్తుంది. రబ్బరు గొట్టాలన్నీ తీసెయ్, ఉబ్బిపోతాయి. పంపు పెద్దది కావాలి, ఎందుకంటే ఇంధనం ఒకటిన్నర రెట్లు వెళ్లాలి. కాబట్టి కార్బురేటర్లో జెట్ రంధ్రం వెడల్పు కూడా ఒకటిన్నర రెట్లు చెయ్. డబ్బా మూత క్షణం కూడా తెరిచి ఉంచకు, గాలిలో తడి తాగేస్తుంది. మంట పగటి వెలుగులో కనిపించీ కనిపించకుండా ఉంటుంది, మంటలార్పే సిలిండరు పక్కనే పెట్టుకో.

ఇంకోటి. ప్లగ్గు విప్పి రంగు చూసి నమ్మకు. దీనికి ప్లగ్గు ఎప్పుడు చూసినా కడిగిన పళ్లెంలా తెల్లగానే ఉంటుంది, ఇంధనం ఎక్కువైందో తక్కువైందో చెప్పదు. మిగతా మెకానిక్కులు చచ్చారన్నమాటే. నీకేం, నీకు ముక్కుంది!

గుర్తుందా? ఏడేళ్లప్పుడు నన్ను టైరు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసి, మూడు గుడ్డలు వాసన చూపించేవాడివి. పెట్రోలు, డీజిలు, థిన్నరు. తప్పు చెబితే నా నెత్తిన ఓ మొట్టికాయ, సరిగ్గా చెబితే నీ నెత్తిన నాకు మొట్టే హక్కు. నేను కెమిస్ట్రీ చదివింది ఆ మొట్టికాయల వల్లే.

నమూనాకు ఓ ఇరవై లీటర్ల డబ్బా పంపుతున్నాను. మూత తీసి, మనసారా ఓసారి పీల్చి, ఎలా ఉందో రాయి. నీ అభిప్రాయం కోసం ల్యాబంతా ఎదురుచూస్తోంది.

నీ అమ్మడు


షెడ్డు
పద్నాలుగు వారాలు

అమ్మడూ,

నీ చదువు తగలెయ్య. రంధ్రం వెడల్పు ఒకటిన్నర రెట్లు చేస్తే ఇంధనం ఒకటిన్నర రెట్లు వెళ్తుందా? రెండుంపావు రెట్లు వెళ్తుంది! ఇంజను ఈత కొడుతుంది. ఇది కూడా తెలీకుండా డిగ్రీ ఎవరిచ్చారే నీకు? పాత జెట్ల రంధ్రం నూట యాభై నంబరు, నేను నూట ఎనభై అయిదు వేశాను. నీ ఉత్తరంలో ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి మేకుకు గుచ్చాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను.

ట్యాంకు విషయంలో మాత్రం నీదే నిజం. కడిగితే లోపల్నుంచి గోధుమరంగు జిడ్డు, రెండు చీలలు, నేను పన్నెండేళ్ల కిందట పోగొట్టుకున్న చిన్న స్పానరు బయటపడ్డాయి. ఆ స్పానరు కోసం నీ అత్తయ్యను అనుమానించాను. ఈ సంగతి ఆవిడకు చెప్పకు.

గొట్టాలు మార్చాను. పంపు మార్చాను. మొదటిసారి స్టార్టు చెయ్యడానికి మాత్రం మూడు చెరువుల నీళ్లు తాగించింది. పొద్దుటి చలికి పలకదు. చివరికి వేడినీళ్లలో ముంచిన గుడ్డలు ఇంజను మెడకు చుట్టి, రోగికి కాపడం పెట్టినట్టు పెడితే, అప్పుడు దగ్గి, తుమ్మి, లేచింది. లేచాక మాత్రం, అమ్మడూ, దాని గొంతు మెత్తగా ఉందే. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ ఉంది.

నువ్వడిగావు కదా, మూత తీసి మనసారా వాసన చూశాను. మంచి సరుకు. మిగలపండిన పండులా కమ్మగా ఉంది. పెట్రోలంత గాంభీర్యం లేదు, అయినా పర్లేదు. మీ ల్యాబు వాళ్లతో చెప్పు, ముక్కు మేస్త్రి మెచ్చుకున్నాడని.

మావయ్య

(ఇదే కవర్లో, సామాన్ల చీటీ వెనక)

అమ్మడూ, ఉత్తరం పోస్టు చేసేది నేనే కాబట్టి చదివేశాను. కమ్మగా ఏంటి తల్లీ? ఏం పంపావు ఆ డబ్బాలో, చచ్చిన ఎలుకనా? ఆయన చొక్కా విప్పి బుట్టలో వేస్తే ఇంట్లో నిలవలేకపోతున్నాను. పక్కింటావిడ కిటికీ మూసుకుంది. ఇదేమంటే ‘పండు వాసనోయ్’ అంటాడు, పైగా నవ్వుతాడు. ఈయనకు మతి పోయిందా, నాకు పోయిందా? అత్తయ్య.


ల్యాబు
పదమూడు వారాలు

మావయ్యా,

జెట్ల సంగతి నాదే తప్పు. ఎర్ర గీత ఇంకోటి గియ్యి.

అత్తయ్య చీటీ నీ కవర్లోనే వచ్చింది. ఒక సంగతి నీకు కావాలనే చెప్పలేదు. ఎవరూ తాగకుండా ఆ డబ్బాలో ఓ మందు కలుపుతారు. దాని కంపుకు మా గేటు దగ్గర కాపలాదారు డబ్బా దాటేదాకా ఊపిరి బిగబడతాడు. మూత తీయగానే నువ్వు నన్ను ఎన్ని తిట్లు తిడతావో అని ఇక్కడ అందరం ఎదురుచూశాం. నవ్వుకుందామని.

నువ్వు పండు వాసన అన్నావు. నేను ఎవరికీ చూపించకుండా ఉత్తరం మడిచి పెట్టేశాను.

మావయ్యా, నీకు వాసన తెలుస్తోందా?

అమ్మడు


షెడ్డు

జలుబు చేసింది. నీ పని నువ్వు చూసుకో. బండి బాగుంది.

మావయ్య


ల్యాబు
పది వారాలు

మావయ్యా,

జలుబైతే పది రోజుల్లో తగ్గుతుంది. పది రోజులు ఆగి, ఇంకో నాలుగు రోజులు కలిపి రాస్తున్నాను. తగ్గిందా?

తగ్గలేదని నాకు తెలుసు. నీ పాత ఉత్తరాలు మళ్లీ చదివాను. కాగితం వచ్చిన రోజు నుంచీ నువ్వు ఇథనాల్‌ను తిడుతున్నావు గానీ, నీ కోపం దాని మీద కాదు. ప్లగ్గు రంగు చెప్పదు, నీకేం ముక్కుంది అని రాశాను చూడు, అది చదివినప్పుడు నీకెలా ఉండి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతోంది. మద్దెల ఓడు అని వెక్కిరించాను కూడా. క్షమించు. నా నెత్తిన మొట్టికాయ వెయ్యి, ఎన్నయినా.

ఇక తిట్టే వంతు నాది. ఆ ఇంధనం కారితే కనిపించదు, అంటుకుంటే మంట కనిపించదు. తెలిసేది వాసనతోనే. అందుకే ఆ కంపు మందు. వాసన తెలీని మనిషి తలుపు వేసుకుని ఒంటరిగా ఆ బండి కింద పడుకుంటున్నాడని తెలిశాక నాకు ముద్ద దిగడం లేదు. కారు పన్నెండులో వచ్చినా, పదిహేనులో వచ్చినా నాకు ఒకటే. నువ్వు నాకు కావాలి.

అత్తయ్యకు చెప్పు. ఆదివారం దాకా ఆగుతాను. నువ్వు చెప్పకపోతే సోమవారం నేనే చెబుతాను, ఫోన్లో. నోటితో చెప్పిన కొలత కొలత కాకపోయినా, నోటితో చెప్పిన చాడీ చాడీయే.

నీ అమ్మడు


షెడ్డు
తొమ్మిది వారాలు

అమ్మడూ,

మూడు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను.

పోయిన చలికాలం నాకు జ్వరం వచ్చింది కదా, వారం మంచం పట్టాను. లేచిన మూడో రోజు పొద్దున పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. నేను రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మీ అత్తయ్య పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, ‘ముక్కు మేస్త్రి అట, ముక్కు! ఎక్కడ పారేసుకున్నారు?’ అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. పేపర్లో పడిపోయానన్నాను. ఆవిడ నమ్మింది. నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరుకు చూపించుకున్నాను, ఎవరికీ చెప్పకుండా. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఏడాదైంది, రాలేదు.

ఈ ఏడాదంతా నటించానే. ఎవరైనా బండి తెస్తే పొగ గొట్టం దగ్గర వంగి, కళ్లు మూసుకుని, రెండుసార్లు పీల్చి ‘ఊఁ’ అంటాను. వాళ్లు భక్తిగా చూస్తుంటారు. తర్వాత వాళ్లను టీ తాగి రమ్మని పంపించి, దొంగలా ప్లగ్గు విప్పి రంగు చూస్తాను. ఆ రంగే నన్ను బతికించింది. ఇథనాల్ వచ్చి అదీ లాక్కుంది. నూట ఎనభై అయిదు వేశాను, బండి బాగుంది అని రాశాను కదా, అబద్ధం. నూట ఎనభై వేశాను, రెండొందలు వేశాను, గుడ్డోడు చీకట్లో సూది వెతికినట్టు రోజుకో నంబరు మారుస్తున్నాను. ఇంధనం తక్కువైతే పిస్టన్ కరిగి కూర్చుంటుంది. ఎక్కువైతే దున్న నిజంగానే దున్నలా నడుస్తుంది. నాకు భయంగా ఉంది. ముక్కు పోయిన ముక్కు మేస్త్రి ఎవడికి కావాలి?

మీ అత్తయ్యకు ఎందుకు చెప్పలేదంటే, ఆవిడ తిడితే పడతాను గానీ జాలిపడితే పడలేను.

నిన్న చెప్పాను. భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ.

‘ఎప్పట్నుంచి?’ అంది.

‘పాలు మాడిన రోజు నుంచి.’

లేచి లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది, ఏడుస్తోంది, జాలి మొదలైంది అనుకున్నాను. కాసేపటికి ఉతకాల్సిన బట్టల బుట్ట తెచ్చి నా ముందు దభీమని పెట్టింది. ఓ చొక్కా తీసింది.

‘ఇది సోమవారం వేసుకున్నది. పచ్చి స్పిరిట్ కొడుతోంది. ఆ రోజు ఇంధనం ఎక్కువ పోశారు.’ ఇంకోటి తీసింది. ‘ఇది గురువారానిది. దీనికి స్పిరిట్ లేదు, ముక్కుకన్నా ముందు కళ్లు మండుతున్నాయి. ఆ రోజు తక్కువైంది. అవునా, కాదా?’

రోజూ జెట్ నంబరు రాసుకునే నోట్‌బుక్కు తెరిచి చూశాను. సోమవారం రెండొందలు. గురువారం నూట ఎనభై.

‘ఇరవై ఆరేళ్లుగా మీ చొక్కాలు ఉతుకుతున్నానండీ. బండి ఏ రోజు బాగా పలికిందో, ఏ రోజు మొరాయించిందో మీరు గుమ్మంలోకి రాకముందే తెలిసేది నాకు. మీరు మాత్రం ఒక్కనాడూ అడగలేదు’ అంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, ఏడాది పాటు దాచినందుకు పాలగిన్నె దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా తిట్టింది. అమ్మడూ, ఆ తిట్లు వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మావయ్య


ల్యాబు
ఎనిమిది వారాలు

మావయ్యా, అత్తయ్యా,

ఇక నుంచి ఇద్దరికీ కలిపే రాస్తాను, ఎలాగూ ఇద్దరూ చదువుతారు.

ఉత్తరం చదివి ల్యాబులో ఏడుస్తూ నవ్వాను. మా పెద్దాయన ఏమైందని అడిగితే ‘మా అత్తయ్య చొక్కా వాసన చూసి జెట్ నంబరు చెప్పింది సార్’ అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని కథంతా చెప్పించుకున్నాడు. అత్తయ్య చెప్పింది నూటికి నూరు నిజం. ఇంధనం ఎక్కువైతే మండకుండా మిగిలిన స్పిరిట్ వస్తుంది. తక్కువైతే కళ్లు మండించే ఇంకో పదార్థం పుడుతుంది.

పొగ కొలిచే మీటరు ఒకటి అడిగి తీసుకుని పంపుతున్నాను, వాపసు ఇవ్వాలి, జాగ్రత్త. షెడ్డులో అత్తయ్య ముక్కునూ దాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పందెం రోజు మాత్రం వాడకూడదు, మీ తరగతిలో ఎలక్ట్రానిక్ పరికరాన్ని ట్రాక్ లోపలికి రానివ్వరని నిబంధనల్లో చదివాను.

అత్తయ్యా, తలుపులన్నీ తీసి ఉంచు. చెయ్యి చాచినంత దూరంలో నిలబడి రెండు సెకన్లు చాలు, ఆ పొగ మంచిది కాదు. బండి కింద ఏ మాత్రం స్పిరిట్ వాసన తగిలినా మావయ్యను కాళ్లు పట్టుకుని బయటికి లాగెయ్. ఆయన అరిచినా సరే.

అమ్మడు


షెడ్డు
మూడు వారాలు

అమ్మడూ,

షెడ్డు నా చెయ్యి దాటిపోయింది.

మొదటి రోజే మీ అత్తయ్య వచ్చి, కుర్చీ తుడిచి, ‘ఇక్కడ ఊపిరెలా ఆడుతుందండీ మీకు’ అని వెనక గోడకు కిటికీ పెట్టించింది. ఇరవై ఆరేళ్లుగా లేని కిటికీ. ఇప్పుడు బల్ల మీద వెలుగు పడుతోంది, నాకు కళ్లద్దాలు కావాలని తెలిసింది. అది వేరే కథ.

నేను జెట్ మార్చి స్టార్టు చేస్తాను. ఆవిడ రెండు సెకన్లు పీల్చి, వెనక్కి తిరిగి, తీర్పు చెబుతుంది. ‘పచ్చిగా ఉంది’ అంటే ఎక్కువ. ‘మండుతోంది’ అంటే తక్కువ. ఏమీ అనకుండా తలూపితే సరిపోయిందని. మీ మీటరుతో అయిదుసార్లు పోటీ పెట్టాం. నాలుగుసార్లు ఇద్దరిదీ ఒకే మాట. అయిదోసారి మీటరు ఒకటి చెప్పింది, ఆవిడ ఇంకోటి చెప్పింది. చూస్తే మీటరు బ్యాటరీ అయిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆవిడతో మాట్లాడాలంటే అపాయింట్‌మెంటు తీసుకోవాలి.

(అబద్ధం. కాఫీ అడిగితే ఇస్తున్నాను. — అత్తయ్య)

నూట తొంభై దగ్గర తేలింది. ప్లగ్గు రవ్వ పడే క్షణాన్ని కూడా కాస్త ముందుకు జరిపాను. దున్న ఇప్పుడు కాలు పెడితే ముందు చక్రాలు లేస్తున్నాయి. నిన్న గొట్టం బిగింపు దగ్గర ఒక్క చుక్క కారుతుంటే మీ అత్తయ్య గుమ్మంలోంచే పట్టేసింది. నన్ను నిజంగానే కాళ్లు పట్టుకుని లాగింది. వీపు గీరుకుపోయింది, థాంక్స్.

పందేల సంగతి. డ్రైవరూ నేనే, బండిని సరిచేసే ట్యూనరూ నేనే అని ఫారం పంపేశాను. పందెం రోజు ఆవిడ జనంలో కూర్చుంటుంది. ఎలాగూ నంబరు తేలిపోయింది కదా. ఊళ్లో వాళ్లకు ఇవన్నీ తెలియాల్సిన పనేముంది?

(చదివాను. ఏమీ అనను. — అత్తయ్య)

మావయ్య


ఇల్లు
పందెం మర్నాడు

అమ్మడూ,

సెలవు దొరకలేదని ఏడుస్తూ రాశావు కదా, అందుకే ఒక్క ముక్క వదలకుండా చెబుతాను.

నిన్న ఎండ మాడ్చేసింది. మన షెడ్డులో పొద్దుటి చలిలో పట్టిన నంబరు అది. వేడి గాలి పల్చబడితే అదే జెట్టు ఇంధనం ఎక్కువ పోసినట్టవుతుందని నాకు తెలుసు. ఎంత ఎక్కువ? అది వాసన చెప్పాలి. ఏమవుతుందిలే అనుకుని గీత మీదికి వెళ్లాను. పచ్చ దీపం వెలిగింది, తొక్కాను. మొదట బాగానే లేచింది, చివరి వంద గజాల్లో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు బిగుసుకుపోయింది. చీటీ ఇచ్చారు. పన్నెండు పాయింట్ ఒకటి నాలుగు.

ఒక్క అవకాశం మిగిలింది. గంట టైము.

ప్లగ్గులు విప్పాను. తళతళా తెల్లగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల అలవాటు నా చెవిలో అరుస్తోంది, ‘తెలుపంటే ఇంధనం తక్కువరా, పెంచరా’ అని. అది పెట్రోలు మాట, దీనికి పనికిరాదని తెలుసు. తెలిసినా చెయ్యి పెద్ద జెట్టు మీదికే పోయింది. అక్కడ ఆగింది. ఏ వైపు తప్పినా దున్న అయిపోయినట్టే.

తలెత్తితే తాడు అవతల మీ అత్తయ్య. ముందు వరసలో నిలబడి ఉంది. అరవలేదు, పిలవలేదు. చేతిలో సంచీ పట్టుకుని నా వైపే చూస్తోంది. నేను రమ్మని చెయ్యూపాను. ఆవిడ తాడు ఎత్తబోతే నిబంధనల పెద్దమనిషి అడ్డొచ్చాడు.

‘చూసేవాళ్లు తాడు దాటకూడదమ్మా.’

‘ఆవిడ మా ఆవిడండీ’ అన్నాను.

‘ఎవరైనా సరే. డ్రైవరూ, ట్యూనరూ, ఇద్దరికే లోపలికి రావడానికి వీలు. మీ ఫారంలో రెండూ మీరే అని ఉంది.’

‘మార్చుకోవచ్చా?’

‘ట్యూనరు పేరు మారిస్తే మీరు ట్యూనరు కారు. ఆలోచించుకోండి.’

లాప్‌టాప్ గాడు పక్క బండి దగ్గరే ఉన్నాడు. ఇంకో పది మంది మెకానిక్కులు ఉన్నారు. ఒకప్పుడు వాళ్లలో సగం మందికి వాసన పట్టడం నేర్పింది నేనే. అందరూ ఇటే చూస్తున్నారు. పెన్ను అడిగాను. నా పేరు కొట్టేశాను. ఆ కొట్టేసిన గీత నా ఒంటి మీద గీసినట్టనిపించింది, దాచుకోను. దాని పక్కన మీ అత్తయ్య పేరు రాశాను.

‘ఆవిడకు ఇంజన్ల పని తెలుసా?’ అన్నాడాయన.

‘నాకు వాసన పోయి ఏడాది దాటిందండీ’ అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినబడేలా. ‘ఈ బండిని పట్టింది ఆవిడ ముక్కు. నేను ఒట్టి చేతుల్ని.’

ఎవరూ నవ్వలేదు. ఒకాయనైతే టోపీ తీశాడు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు. మీ అత్తయ్య తాడు కింద నుంచి దూరి వచ్చింది. స్టార్టు చేశాను. చెయ్యి చాచినంత దూరంలో నిలబడి రెండు సెకన్లు పీల్చింది.

‘పచ్చిగా ఉంది. బాగా పచ్చిగా ఉంది.’

‘ప్లగ్గులు తెల్లగా ఉన్నాయే’ అన్నాను.

‘నేను ప్లగ్గులు చూడలేదు. పచ్చిగా ఉంది.’

నూట ఎనభై అయిదు వేశాను. మళ్లీ పీల్చింది. ఈసారి ఏమీ అనలేదు, తలూపింది.

గీత మీదికి వెళ్లాను. పచ్చ దీపం. ఇక నేను చెప్పేదేమీ లేదు, అంతా దున్నే చెప్పింది. చివరి వంద గజాల్లో దాని గొంతు తెరుచుకుంది. పదకొండు పాయింట్ ఏడు ఆరు! పెట్రోలు మీద కూడా ఎన్నడూ రాలేదే ఆ అంకె! నేను బండి దిగి పరిగెత్తుతుంటే మోకాలు పట్టేసింది, కుంటుతూనే పరిగెత్తాను. మీ అత్తయ్య అప్పటికే ఆ పెద్దమనిషిని అడిగి చీటీ తీసుకుని, మడిచి, సంచీలో పెట్టేసుకుంది. ‘ట్యూనరుకే ఇవ్వాలట’ అంది.

లాప్‌టాప్ గాడు చేతులు కట్టుకుని వచ్చి, ‘అత్తయ్యగారూ, మా బండి కూడా ఒక్కసారి’ అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. వెళ్లమన్నాను. వాడి బండి పొగ మండుతోందట, ఇంధనం తక్కువని. చెప్పగానే వాడి మొహం చూడాలి నువ్వు, మూడు నిమిషాల్లో జెట్టు మార్చేశాడు. షెడ్డుకు తాళం సంగతి ఇంకెప్పుడూ ఎత్తను.

సాయంత్రం దున్నను ట్రక్కు వెనక కట్టుకుని బయల్దేరాం. ఆ రోడ్డు ఏడాదిగా నాకు ఒట్టి రోడ్డే. మీ అత్తయ్య అద్దం దించి, నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

‘కోసిన గడ్డి. ఇప్పుడే కోశారు, ఇంకా తడిగా ఉంది.’

కాస్త దూరం వెళ్లాక, ‘ఎవరో టైరు కాలుస్తున్నారు, ఇది మీకు తెలీకపోవడమే మంచిది’ అంది.

‘బేకరీ వచ్చింది. రొట్టెలు దించుతున్నారు, ఒకటి కాస్త మాడింది.’

‘ఇదిగో, రంగుల కొట్టు. మీకిష్టం కదా ఈ వాసన.’

రోడ్డు మీదే చూపు పెట్టి, ‘మరి నువ్వు?’ అన్నాను.

‘నేనేంటి?’

‘నువ్వేం వాసనొస్తున్నావు?’

చేతులు ఎత్తి చూసుకుంది. ‘స్పిరిటూ, పొగా. మీలాగే’ అంది.

మా వీధి వచ్చింది. ఇల్లు వచ్చింది. నేను బండి ఆపలేదు.

‘ఏవండీ, ఇల్లు దాటేశారు!’

‘తెలుసు’ అన్నాను. ‘ఇంకో చుట్టు తిరుగుదాం. నువ్వు చెబుతుండు.’

మావయ్య